ఏడుగురు స్మిత్తులు, ఒక గేమ్‌క్యూబు

2005 జులైలో నేను న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఒక గెస్టుహౌసులో ఉండేవాణ్ణి. గెస్టుహౌసంటే అదేదో విడిదిల్లు అనుకునేరు. కన్సల్టెన్సీవాళ్ళు అద్దెకు తీసుకున్న రెండు బెడ్రూముల అపార్టుమెంటు. అందులో ఎనిమిదిమందిమి, ఎనిమిది పరుపులు, ఒక రైస్ కుక్కరు. ప్రాజెక్టు దొరికినవాడు సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోతాడు. ఇండియానుంచి కొత్తగా దిగినవాడు ఆ పరుపు మీద పడుకుంటాడు. మిగతావాళ్ళం బెంచి మీద. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం "ఆఫీసులో పని బాగా ఉందమ్మా" అనేవాళ్ళం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఆ ఇంట్లో ఉమ్మడి ఆస్తి అంటూ ఉన్నది పాత టీవీ ఒక్కటే. దానికి మా రూమ్మేటొకడు గేమ్‌క్యూబు తగిలించాడు. అంతకుముందు చేసిన ప్రాజెక్టులో మొదటి జీతంతో కొన్నాడట. మా అందరిలోకీ సీనియరు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, జావాలో దిట్ట. వాడి పేరు ఇక్కడెందుకుగానీ, మావాడు అంటాను. ఆ నెలలోనే, 7వ తారీఖున, అమెరికాలో "కిల్లర్ 7" అనే ఆట విడుదలైంది. బెంచి మీదున్నవాడు యాభై డాలర్లు పెట్టి ఆట కొనడమేంట్రా అని మేమందరం తిట్టాం. "ఏడుగురు హంతకులు, ఎవరితో కావాలంటే వాళ్ళతో ఆడొచ్చురా, మనిషికి ఏడు డాలర్లే పడింది" అన్నాడు.

ఆ ఆట వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ దాని గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పేది "స్టైలు". నిజమే, అలాంటి రంగులు అంతకుముందు నేనే ఆటలోనూ చూడలేదు. మనుషుల ముఖాలమీద నీడ పడితే అది నీడలా ఉండదు, నల్లసిరా ఒలికినట్టుంటుంది. గోడలు, ఆకాశం, నేల అన్నీ ఒకే రంగు పూత. కానీ ఆ స్టైలు మాటున ఇంకోటుంది. ఈ ఆట జపాన్‌వాళ్ళు తమ దేశ చరిత్రను, ముఖ్యంగా అమెరికాతో తమ సంసారాన్ని, తుపాకుల ఆట వేషంలో చెప్పుకున్న కథ. నాకు ఆ సంగతి అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. కథ చివరిదాకా చెప్పబోతున్నాను కాబట్టి, ఆడే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఆడి వచ్చి చదువుకోండి.

ముందు పుట్టుక సంగతి. నింటెండో కంపెనీ 2001లో గేమ్‌క్యూబును వదిలింది. ముద్దుగా, వెనక పట్టుకోవడానికి పిడి కూడా పెట్టి, టిఫిన్ డబ్బాలా ఉంటుంది. దాని డిస్కు అరచేతిలో ఇమిడేంత చిన్నది, ఒకటిన్నర గిగాబైట్లు మాత్రమే పడుతుంది. అవతల సోనీ ప్లేస్టేషన్ 2 మామూలు డీవీడీతో, సినిమాలు కూడా చూపిస్తూ దూసుకుపోతోంది. చివరికి లెక్క తేలేసరికి గేమ్‌క్యూబులు 2 కోట్ల 17 లక్షలు, ప్లేస్టేషన్ 2లు 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. పోటీ అనడానిక్కూడా లేదు.

అలాంటి సమయంలో, 2002 నవంబరులో, కాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ అందర్నీ ఆశ్చర్యపరుస్తూ గేమ్‌క్యూబు కోసం ఒకేసారి అయిదు కొత్త ఆటలు ప్రకటించింది. ఆ అయిదింటినీ "కాప్‌కామ్ ఫైవ్" అంటారు. వాటి వెనకున్న పెద్ద తలకాయ షింజి మికామి, 1996లో "రెసిడెంట్ ఈవిల్" ఆటతో జనాన్ని జడిపించినాయన. ఆ అయిదు ఏమయ్యాయో చూడండి. పి.ఎన్.03 వచ్చి వెళ్ళిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. డెడ్ ఫీనిక్స్ పుట్టకముందే పోయింది, 2003లో రద్దు చేశారు. వ్యూటిఫుల్ జో బాగుందనిపించుకుని మరుసటేడు ప్లేస్టేషన్‌కి కూడా వెళ్ళింది. రెసిడెంట్ ఈవిల్ 4 ఇంకో కన్సోలుకి వెళ్తే నా తల నరుక్కుంటానని మికామి గారు శపథం పట్టారు. 2005 జనవరిలో అది గేమ్‌క్యూబు మీద వచ్చింది, ఆ అక్టోబరుకే ప్లేస్టేషన్ మీదా వచ్చింది. తల మాత్రం భద్రంగానే ఉంది, ఆ తరువాతా ఆయన మంచి ఆటలు తీశారు. మన రాజకీయ నాయకుల రాజీనామా శపథాలు విన్నవాళ్ళకి ఇది వింతేం కాదు.

అయిదోది కిల్లర్ 7. అప్పటికి దాదాపు ఎవరికీ తెలియని మనిషికి మికామి అప్పగించిన ఆట అది.

ఆ మనిషి పేరు సూడా గోయిచి. జపనీసులో గో అంటే 5, ఇచి అంటే 1. అందుకని సూడా 51 అని సంతకం చేస్తాడు. 1968లో నాగనోలో పుట్టాడు. ఆటల్లోకి రాకముందు కొన్నాళ్ళు శవాలకు అంత్యక్రియలు జరిపించే చోట పనిచేశాడు. తరువాత హ్యూమన్ అనే కంపెనీలో చేరి 1994లో ఒక కుస్తీ ఆటకు కథ రాశాడు. ఆ ఆటలో ఎంతో కష్టపడి అందర్నీ ఓడించి ఛాంపియను అయిన వీరుడు చివరికి ఇంటికెళ్ళి ఆత్మహత్య చేసుకుంటాడు. కుస్తీ ఆట కొనుక్కున్న పిల్లలు ఏమయ్యారో పాపం! 1998లో గ్రాస్‌హాపర్ మాన్యుఫాక్చర్ అని సొంత కంపెనీ పెట్టాడు. 1999లో "సిల్వర్ కేస్", 2001లో "ఫ్లవర్, సన్ అండ్ రెయిన్". రెండూ అప్పట్లో జపాన్ దాటలేదు. అలాంటివాడికి, కాప్‌కామ్ డబ్బుతో, ప్రపంచం మొత్తానికి ఆట తియ్యమన్నారు. మికామి కూడా పక్కన కూర్చుని కథ అల్లడంలో చెయ్యి వేశాడు.

సూడా మొదట చేసిన పని, ఆడేవాడి చేతిలోంచి స్వేచ్ఛ లాగేసుకోవడం.

తుపాకుల ఆటంటే ఎటు కావాలంటే అటు పరిగెత్తాలి కదా. ఇందులో అది కుదరదు. గేమ్‌క్యూబు కంట్రోలరు మీద పెద్ద ఆకుపచ్చ బటను ఒకటుంటుంది, ఏ బటను. అది నొక్కి పట్టుకుంటే మనిషి ముందుకెళ్తాడు, వేసిన పట్టాల మీద రైలు వెళ్ళినట్టు. బీ నొక్కితే వెనక్కి తిరుగుతాడు. దారి చీలిన చోట ఎటో ఎంచుకోవాలి. అంతే. కాల్చాలంటే ఆగాలి. ఆగితే కెమెరా అతని కళ్ళలోకి దూరుతుంది, అక్కణ్ణుంచి గురి చూడాలి, అప్పుడు నడవడానికి లేదు. నడిస్తే కాల్చలేవు, కాలిస్తే నడవలేవు.

శత్రువుల పేరు హెవెన్ స్మైల్స్. కంటికి కనపడరు. ముందు నవ్వు వినిపిస్తుంది, చీకట్లో ఎవరో గొంతు పగిలేలా నవ్వినట్టు. ఆ నవ్వు విని ఆగి, ఇంకో బటను నొక్కి వెతికితే అప్పుడు కనపడతారు, మన మీదికి నడిచొస్తూ. దగ్గరికొస్తే కౌగిలించుకుని పేలిపోతారు. ఒంటిమీద ఎక్కడో పసుపుపచ్చగా మెరిసే చోటు ఉంటుంది, అక్కడ తగిలితే ఒక్క దెబ్బకే రాలిపోతారు. కాల్చిన తరువాత వాళ్ళ రక్తం పట్టుకుని దాచుకోవాలి. చిక్కటిది వేరు, పల్చటిది వేరు. ఒకటి బలం పెంచుకోవడానికి, ఇంకోటి గాయాలకీ ప్రత్యేక విద్యలకీ.

ఒక ఆదివారం నేను కాలింగ్ కార్డుతో ఇంటికి మాట్లాడుతుంటే వెనక మావాడు ఆడుతున్నాడు. "ఎవర్రా ఆ పిచ్చినవ్వు?" అంది మా అమ్మ. టీవీ అమ్మా అన్నాను. "రాత్రిళ్ళు తలుపు గడియ పెట్టుకుంటున్నారా?" అంది.

ఆట రాగానే విమర్శకులు రెండుగా చీలిపోయారు. కొందరు అద్భుతం అన్నారు, ఇంకొందరు "ఇదేం ఆట, ముందుకెళ్ళడానికి ఒక బటనా?" అన్నారు. నేను కూడా రెండో గుంపులోనే ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పట్టాలే ఆటకు ప్రాణమనిపిస్తుంది. నవ్వు వినపడుతుంది, పారిపోయే వీలు లేదు, ఆగి నిలబడి వెతకాలి. 2001 సెప్టెంబరు తరువాత ఏడాదికే మొదలైన ఆట ఇది. నవ్వుతూ వచ్చి పేలిపోయే మనిషి, గుంపులో ఎక్కడున్నాడో కనపడని మనిషి, ఆ రోజుల్లో విమానాశ్రయం వరసలో నిలబడ్డ ప్రతివాడి భయం అదే. గోధుమరంగు చర్మమున్న మాలాంటివాళ్ళకి ఇంకో భయం కూడా ఉండేది, ఎదుటివాడి కళ్ళకి ఆ మనిషి మనమేనేమో అని. అందుకే కాబోలు ఆ నవ్వు వినిపించినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి టీవీ సౌండు తగ్గించేవాళ్ళు.

ఇక ఆ హంతకులు. హార్మన్ స్మిత్ అని చక్రాల కుర్చీలో కూర్చునే ముసలాయన. ఆయన ఒంట్లో ఏడుగురున్నారు, అందరి ఇంటిపేరూ స్మిత్తే. డాన్ పెద్ద రివాల్వరు వాడే దుడుకువాడు. కయెడె చెప్పుల్లేకుండా నడిచే ఆడమనిషి, మణికట్టు కోసుకుని రక్తం చిమ్మితే దాచిన దారులు తెరుచుకుంటాయి. కెవిన్ నోరు విప్పడు, కత్తులు విసురుతాడు, మాయమైపోగలడు. కొయోటె తాళాలు తీసే దొంగ. కాన్ గుడ్డి కుర్రాడు, చెవులే కళ్ళు. మాస్క్ ముసుగేసుకున్న మల్లయోధుడు, రెండు చేతులా గ్రెనేడు తుపాకులు. ఎక్కడ ఎవరి విద్య పనికొస్తే వాళ్ళని పిలవాలి.

ఏడోవాడు గార్సియన్. అతని పని వేరు, శుభ్రం చెయ్యడం. మిగతా ఆరుగురిలో ఎవరైనా చస్తే, గార్సియన్ బయల్దేరి వాళ్ళు పడిపోయిన చోటికి వెళ్ళి, కాగితం సంచిలో ఉన్న తలను తెచ్చి బతికించుకోవాలి. అతను చస్తే మాత్రం ఆట ముగిసినట్టే. సూటు వేసుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. కుర్రతనంలో శవాలను సాగనంపే పని చేసినవాడు కాబట్టే సూడా ఈ పాత్రను అంత శ్రద్ధగా తీర్చాడని నా నమ్మకం.

ఒకే మనిషిలో చాలామంది అన్నది మనకేం కొత్త కాదు. ఆ వేసవిలోనే, జూన్‌లో, "అపరిచితుడు" వచ్చింది. రామానుజం, రెమో, అపరిచితుడు, ముగ్గురూ ఒకడే, అందులో ఒకడు హంతకుడు. మేం ఎనిమిదిమందిమీ రెండు కార్లలో ఇరుక్కుని వెళ్ళి చూసి వచ్చాం. ఆ రాత్రంతా ఇంట్లో విక్రమ్ గొంతులే. అంతకు చాలా ముందు, 1966లో, "నవరాత్రి"లో నాగేశ్వరరావు తొమ్మిది వేషాలు కట్టాడు. కానీ మన సినిమాల్లో వేషాలు ఎన్నున్నా చివరికి ముడి విడిపోతుంది. డాక్టరు వచ్చి రోగం పేరు చెప్తాడు. కిల్లర్ 7లో డాక్టరు రాడు.

మా గెస్టుహౌసులో కూడా ఒక్కొక్కడూ ముగ్గురో నలుగురో. నా పేరుమీద కన్సల్టెన్సీవాళ్ళు మూడు రెజ్యూమెలు తయారుచేశారు. ఒకదాంట్లో నేను ఆరేళ్ళుగా జావా. ఇంకోదాంట్లో ఏడేళ్ళుగా ఒరాకిల్. మూడోదాంట్లో టెస్టింగు లీడు. అసలు నాకున్నది హైదరాబాదులో రెండేళ్ళ నాలుగు నెలల ఉద్యోగం, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు. ఏ క్లయింటుకి ఏది పంపారో గోడమీద కాగితం అంటించుకుని, ఫోను మోగితే ముందు ఆ కాగితం చూసి, తరువాత హలో అనేవాళ్ళం. మమ్మల్ని పంపే యజమానిని మాలో చాలామంది ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో కూర్చుని ఉంటాడంతే. మావాడే అన్నాడు ఒకసారి, "మన హార్మన్‌కి చక్రాల కుర్చీ ఒకటే తక్కువ" అని.

సెప్టెంబరులో కనెటికట్‌లో ఒక క్లయింటు ఫోను ఇంటర్వ్యూ పెట్టాడు, ఆరేళ్ళ జావా నాకు. నావల్ల కాదని అందరికీ తెలుసు. నా బదులు మావాడు మాట్లాడాడు. నలభై నిమిషాలు నా పేరుతో, నేను చెయ్యని ప్రాజెక్టుల గురించి, నాకు రాని జవాబులు చెప్పాడు. నేను పక్కన పరుపు మీద కూర్చుని విన్నాను. మర్నాటికి ఉద్యోగం నాకొచ్చింది. చేరిన రోజు మేనేజరు చెయ్యి కలిపి, ఫోనులో మీ గొంతు వేరేగా వినిపించిందే అన్నాడు. అప్పుడు జలుబుగా ఉందండీ అన్నాను.

మళ్ళీ ఆటలోకి వద్దాం, అసలు చరిత్ర ఇక్కడుంది.

కిల్లర్ 7 లోకంలో అణ్వాయుధాలు రద్దయ్యాయి. ఉన్న మిసైళ్ళన్నీ ఆకాశంలోకి పంపి టపాకాయల్లా పేల్చేశారు. టెర్రరిజం భయానికి విమానాలు ఆపేశారు, ఇంటర్నెట్టు మూసేశారు, ఖండాల మధ్య సముద్రాల మీద రోడ్లు వేశారు. ప్రపంచం శాంతిగా ఉందని అందరూ అనుకుంటున్నారు. హెవెన్ స్మైల్స్‌ను తయారుచేసే కున్ లాన్, వాళ్ళను చంపించే హార్మన్, ఇద్దరూ పాత స్నేహితులు, ఎదురెదురుగా కూర్చుని చదరంగం ఆడుకుంటుంటారు. మొదట్లో నాకిది పిచ్చి అల్లికలా అనిపించింది. పైగా ఇంగ్లీషు సంభాషణలు కూడా చిక్కుముళ్ళే. మేం కథ దాటేసి కాల్పులు మాత్రం ఆడేవాళ్ళం.

కాస్త ఆగి చూస్తే ఇందులో ఉన్నదంతా జపాన్ గొడవ. రెండో అధ్యాయంలో జపాన్ మీదికి మిసైళ్ళు బయల్దేరతాయి. కాపాడాల్సిన అమెరికా, కాపాడాలా వద్దా అని లెక్కలేసుకుంటుంది. జపాన్ ముసలి రాజకీయ నాయకులు, వాళ్ళ తరువాతి తరం, ఒకరినొకరు చంపించుకుంటుంటారు. ఇంకా ముందుకెళ్తే ఒక బడిలో అసలు రహస్యం బయటపడుతుంది. అమెరికా అధ్యక్ష ఎన్నికల్ని ఏళ్ళ తరబడి తెరవెనకనుంచి తిప్పుతున్నది జపాన్‌లోని ఒక పార్టీ! 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో అధ్యక్షుణ్ణి తేల్చిన దేశం గురించి ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

ఇది ఉత్తి కల్పన కాదనడానికి నిజం చరిత్ర కొంచెం చెప్పాలి. యుద్ధంలో ఓడిన జపాన్ 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికాతో రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టింది. సొంతంగా యుద్ధం చెయ్యకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, 9వ అధికరణం. రక్షణ భారం అమెరికాది, బదులుగా అమెరికా సైన్యానికి జపాన్ నేల. 1960లో ఆ ఒప్పందాన్ని తిరగరాసేటప్పుడు లక్షలమంది టోక్యో వీధుల్లోకి వచ్చారు. ఐసెన్‌హోవర్ రావాల్సిన పర్యటన రద్దయింది, ప్రధాని కిషి రాజీనామా చేశాడు. ఒప్పందం మాత్రం నిలబడింది. అదే ఏడాది అక్టోబరు 12న సోషలిస్టు నాయకుడు అసనుమా వేదిక మీద మాట్లాడుతుంటే పదిహేడేళ్ళ కుర్రాడు పొట్టి కత్తితో పొడిచి చంపాడు, టీవీ కెమెరాల ముందే. ముసలి నాయకుడు, కుర్ర హంతకుడు, చూస్తున్న దేశం. ఆ వార్త తెలిసినవాళ్ళకి కిల్లర్ 7లోని హత్యలు ఊరికే స్టైలు కోసం పెట్టినవిగా అనిపించవు. సూడా ఆ ఘటన చూసే రాశాడని నేననను. ఆ దేశంలో పెరిగినవాడికి ఆ బొమ్మ ఎక్కడో ఉంటుందంటాను.

ఆట తయారవుతున్న రోజుల్లోనే, 2004 మొదట్లో, జపాన్ తన ఆత్మరక్షణ దళాన్ని ఇరాక్‌కు పంపింది, సమావా ఊరికి. పోరాడటానికి కాదు, నీళ్ళివ్వడానికీ రోడ్లు వెయ్యడానికీ. అయినా యుద్ధం నడుస్తున్న దేశానికి సైనికుల్ని పంపడం యాభై ఏళ్ళలో అదే మొదటిసారి. ఎవరి యుద్ధం, ఎవరి పేరుమీద, ఎవరు వెళ్ళాలి? దేశమంతా వాదించుకుంది. ఇంకొకరి నీడలో బతికే దేశం, ఇంకొకరి ఒంట్లో బతికే హంతకులు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత నాకు ఆట మళ్ళీ మొదటినుంచి ఆడాలనిపించింది.

చివరి అధ్యాయం జరిగేది యుద్ధనౌక దీవిలో. అది కల్పన కాదు. అసలు పేరు హషిమా, నాగసాకి తీరానికి దగ్గర్లో ఉంది, దూరంనుంచి చూస్తే యుద్ధనౌకలా కనపడుతుందని జనం గున్‌కన్‌జిమా అంటారు. కొలిస్తే ఆరు హెక్టార్లు దాటి ఎంతో లేదు, మన లెక్కలో పదహారు ఎకరాలు. కింద సముద్రగర్భంలో బొగ్గు. మిత్సుబిషి 1890లో కొని తవ్వకాలు సాగించింది. కూలీల కోసం 1916 నుంచి కాంక్రీటుతో ఎత్తైన మేడలు కట్టారు. 1959లో ఆ పదహారు ఎకరాల మీద 5,259 మంది ఉన్నారు. యుద్ధకాలంలో కొరియన్లను, చైనీయులను తెచ్చి బలవంతంగా ఆ గనుల్లో దింపారు. 1974లో గని మూసేస్తే కొన్ని నెలల్లో దీవి మొత్తం ఖాళీ అయింది. 2015లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలాల్లో చేర్చినప్పుడు ఆ కూలీల చరిత్ర గురించి కొరియాతో పెద్ద గొడవే నడిచింది. బొగ్గు, అణుబాంబు పడ్డ నాగసాకి, బలవంతపు కూలీలు, ఖాళీ మేడలు. జపాన్ ఇరవయ్యో శతాబ్దాన్ని ఒక్క చోట చూపించాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు. సూడా కథను సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళాడు, దీవి ఇంకా పర్యాటకులెవరూ వెళ్ళని పాడుబడ్డ చోటుగా ఉన్న రోజుల్లో.

అక్కడ గార్సియన్ ఎదురుగా మత్సువోకా అనే జపాన్ యువనాయకుడు నిలబడి ఉంటాడు. వాణ్ణి కాల్చాలా వద్దా? నిర్ణయం ఆడేవాడిది. వదిలేస్తే జపాన్ అమెరికా మీద దాడికి లేస్తుంది. కాలిస్తే ఎన్నికల గుట్టు తెలుసుకున్న అమెరికా జపాన్‌లో మిగిలినదాన్ని కూడా బూడిద చేస్తుంది. అడకత్తెరలో పోకచెక్క. ఆట మొత్తం నడవడానికి ఒకే బటను ఇచ్చినవాడు, చివర్లో ఈ ఒక్క స్వేచ్ఛ ఇస్తాడు.

ఇంకో సంగతి దీనికి ముందే జరుగుతుంది. అయిదో టార్గెట్‌లో గార్సియన్ యూనియన్ హోటలు అనే చోటికి వెళ్తాడు. మెట్లెక్కుతున్నకొద్దీ మిగతా స్మిత్తులు ఒక్కొక్కరూ ఎలా చచ్చిపోయారో కనపడుతుంది. వాళ్ళందరూ ఒకప్పుడు విడివిడి మనుషులు, ఆ హోటల్లో ఒకే రాత్రి హత్యకు గురయ్యారు. చంపింది తనే. అతని అసలు పేరు ఎమిర్. తన చేతుల్తో చంపినవాళ్ళ తలలే ఇన్నాళ్ళూ సంచిలో పెట్టి మోసుకొచ్చి బతికించుకుంటున్నాడు.

అది నేను చూసింది 2006 జనవరిలో, హార్ట్‌ఫర్డ్‌లో, ఒక్కణ్ణే ఉన్న అపార్టుమెంటులో. గేమ్‌క్యూబు నాకెలా వచ్చిందో చెప్పలేదు కదూ. నాకు ఇంటర్వ్యూ చెప్పిపెట్టిన మావాడికి మాత్రం ప్రాజెక్టు దొరకలేదు. బెంచి మీదున్న నెలలకు జీతం లేదు. కన్సల్టెన్సీవాళ్ళు ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చి, ఇక వీసా మాకు కుదరదన్నారు. నవంబరులో వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకి నేను దింపాను, కొత్త ఉద్యోగం మీద కొన్న కారులో. గేమ్‌క్యూబు అట్టపెట్టె నా చేతిలో పెట్టి "నువ్వుంచుకోరా, కరెంటు వోల్టేజి వేరు, అక్కడ కాలిపోతుంది" అన్నాడు. మెమరీ కార్డులో వాడి ఆట కూడా ఉంది. ఈ ఆటలో సమంతా అనే పనిమనిషి పనిబట్టల్లో ఉన్నప్పుడు మాత్రమే సేవు చేసిపెడుతుంది. ఆవిడ వాడికి చివరిసారి సేవు చేసిపెట్టింది అయిదో టార్గెట్ మొదట్లో. హోటలు వాడు చూడలేదు.

హోటలు చూసిన రాత్రి కంట్రోలరు కిందపెట్టి వాడికి ఫోను చేద్దామనుకున్నాను. ఇండియాలో అప్పుడు పొద్దున తొమ్మిది. కార్డు మీద నంబరు గీకి, పిన్ను కొట్టి, రింగవకముందే పెట్టేశాను. ఏం చెప్తాను?

ఆట అమ్మకాలు పెద్దగా లేవు. గేమ్‌క్యూబు మీద రెండు డిస్కుల్లో వచ్చింది, మధ్యలో మార్చాలి. ప్లేస్టేషన్ 2 మీద ఒకే డిస్కుగానీ, ప్రతి తలుపు దగ్గరా లోడింగు కోసం ఎదురుచూపులు. కాప్‌కామ్ రెండో భాగం ఊసెత్తలేదు. సూడా మాత్రం నిలదొక్కుకున్నాడు. 2007లో తీసిన "నో మోర్ హీరోస్" కూడా హంతకుల కథే, అది అతనికి అమెరికాలో పేరు తెచ్చింది. అతని కంపెనీ 2013లో గంగ్‌హో చేతికి, 2021లో చైనాకి చెందిన నెట్‌ఈజ్ చేతికి వెళ్ళింది. యజమానులు మారినా సంతకం అదే 51. మసఫూమి తకాడా కట్టిన సంగీతాన్ని ఇప్పటికీ వెతుక్కుని వినేవాళ్ళున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి. ఆట ఆడకపోయినా అది వినండి.

2018 నవంబరులో కిల్లర్ 7 కంప్యూటరు మీదికి వచ్చింది. పదమూడేళ్ళ తరువాత బొమ్మ కడిగిన అద్దంలా ఉంది, నల్లసిరా ఇంకా నల్లగా ఉంది. ఆ వారంలోనే హైదరాబాదుకి ఫోను చేశాను. మావాడు అక్కడ ఒక కంపెనీలో పెద్ద స్థాయిలోనే ఉన్నాడు. ఇప్పుడు వాడే ఇంటర్వ్యూలు చేస్తాడు, వీడియో పెట్టించి మరీ. "గొంతొకటి, మొహమొకటి అయితే నాకు చప్పున తెలిసిపోద్దిరా" అని నవ్వుతాడు. ఆట మళ్ళీ వచ్చిందని చెప్పి, ఇన్నేళ్ళ తరువాత, ఆ నలభై నిమిషాల సంగతి ఎత్తాను. నీ ఉద్యోగమే నేను చేశానురా అన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తరువాత "ఆ ముష్టి కంపెనీలో నేనైతే ఆర్నెల్లు కూడా ఉండేవాణ్ణి కాదులే" అన్నాడు.

ఆట కొనుక్కున్నాడట. మొదటినుంచి ఆడుతున్నాడు, వారానికో గంట, పిల్లలు పడుకున్నాక చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని. నా దగ్గర పాత మెమరీ కార్డు ఇంకా ఉంది, వాడి సేవు చెరపలేదు. మొన్నీమధ్య ఫోనులో, హోటలు దగ్గరికొచ్చానని చెప్పాడు.

"పైకెక్కితే ఏముంటుందిరా?"

"మెట్లు చాలా ఉంటాయి" అన్నాను. "రేపు సెలవు పెట్టుకుని ఎక్కు."